ముందు దిగే మనిషి

సముద్రం మీద బతికేవాళ్ళందరికీ ఒకటే భయం. ఓడ అడుగు నేలకు తగలకూడదు. తగిలిందంటే విచారణలు, సంజాయిషీలు, కెప్టెన్ గారు మనుషులతో మాట్లాడ్డం మానేయడం. నేను పదిహేనేళ్ళు పనిచేసిన ఓడకు మాత్రం అదే ఉద్యోగం. నేరుగా వెళ్ళి ఒడ్డు మీదకు ఎక్కాలి. ఎక్కకపోతేనే తిట్లు. మిగతా ఓడల వాళ్ళు మమ్మల్ని చూసి నవ్వేవాళ్ళు. వాళ్ళవి సన్నగా, నాజూగ్గా ఉండే ఓడలు. మాది పెద్ద గోడౌన్‌కు ఇంజన్ బిగించినట్టు ఉండేది.

కానీ నవ్వేవాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. ఫిరంగుల ఓడ ఎంత పేల్చినా ఒడ్డు మీదకు ఒక్క లారీని కూడా దింపలేదు. ఆ పని మాదే. మా ఓడ ముందు భాగం బీరువా తలుపుల్లా రెండుగా తెరుచుకుంటుంది. లోపలి నుంచి ఒక ఇనుప వంతెన కిందికి వాలుతుంది. కడుపులో పెట్టుకొచ్చిన ట్యాంకులు, లారీలు, జవాన్లు దాని మీదుగా దిగి పోతారు. ఒడ్డుకు వచ్చేటప్పుడే, ఇంకా దూరంగా ఉండగా, వెనక వైపు ఒక లంగరును నీళ్ళలోకి వదిలి వస్తుంది. పని అయ్యాక ఆ లంగరు గొలుసు చుట్టుకుంటూ తనను తానే వెనక్కి లాక్కుని వెళ్ళిపోతుంది.

ఇదంతా నేను గురజాల బస్టాండులో, నకరికల్లులో మా అత్తగారింటి ముందు, నడికుడి స్టేషన్లో రైలు కోసం కూర్చున్న చోట, లెక్కలేనంత మందికి చెప్పి ఉంటాను. చెప్పేటప్పుడు రెండు చేతులూ తలుపులయ్యేవి. ట్యాంకు దిగే చప్పుడు నోటితో చేసేవాణ్ణి. జనం టీ చల్లారిపోతున్నా తాగకుండా వినేవాళ్ళు.

చెప్పనిది ఒక్కటే. ఆ ఓడలో నేను వంటవాణ్ణి. ఇప్పటిదాకా వర్ణించిన దాంట్లో ఒక్క ముక్క కూడా అప్పటికి నేను కళ్ళతో చూసింది కాదు.

అబద్ధం చెప్పాలని నేనూ అనుకోలేదు. నేవీలో ఉద్యోగం వచ్చిందనగానే ఊరే నా భుజానికి తుపాకీ తగిలించింది. దాన్ని దించడం మర్యాద కాదని ఊరుకున్నాను. పెళ్ళిచూపుల్లో కాబోయే మామగారు "మీ ఫిరంగి ఎంత దూరం పేలుద్ది బాబూ?" అని అడిగితే, "అది చెప్పకూడదండీ, రహస్యం" అన్నాను. ఆయనకు నా మీద గౌరవం రెట్టింపయింది. నా భార్యకు మాత్రం పెళ్ళైన వారానికే తెలిసిపోయింది, నేను ఉల్లిపాయలు తరిగే వేగం చూసి. తనూ బయటపెట్టలేదు. ఫిరంగి పేల్చేవాడి పెళ్ళాంగా బజార్లో నడవడం తనకూ బాగానే ఉన్నట్టుంది.

ఓడ కడుపులో వంటగది. కిటికీ లేదు. ఒడ్డుకు ఎక్కాలి కాబట్టి ఓడ అడుగు పెనంలా చదునుగా ఉంటుంది. అందువల్ల సముద్రం ఆవులించినా అది ఊగేది. రెండొందల మందికి సాంబారు కాస్తూ ఆ ఊపులో నిలబడటం నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో సాంబారు నేను తాగినదానికన్నా తొడుక్కున్నది ఎక్కువ.

ఒడ్డుకు ఎక్కే రోజున స్పీకర్లో కేక వినపడేది. గిన్నెలు కదలకుండా పొయ్యి చుట్టూ ఇనుప కడ్డీలు బిగించేవాళ్ళం. ముందు భాగం తేలికగా ఉండాలని ఓడ వెనక తొట్లలోకి నీళ్ళు నింపుకునేది. అప్పుడు సాంబారు మట్టం గిన్నెలో వెనక్కి ఒరిగేది. తర్వాత ఎక్కడో వెనక గొలుసు పరుగెత్తిన చప్పుడు. అది లంగరు. ఆ తర్వాత కాళ్ళ కింద, పొడుగ్గా, తిరగలి తిరిగినట్టు ఒక గరగర. అందరం ఒక అడుగు ముందుకు తూలేవాళ్ళం. సాంబారు గిన్నె అంచు దాకా ఎక్కి, బయటికి రావాలా వద్దా అని ఒక క్షణం ఆలోచించేది. చివరికి కింద నుంచి డీజిల్ పొగ వచ్చేది. అంటే ట్యాంకులు బయల్దేరాయన్నమాట. నేను పాల్గొన్న తీర దండయాత్రలన్నీ ఇవే. ఒకసారి అంతా అయిపోయాక పైకెక్కి చూస్తే ఒక ఇసుక దిబ్బ, రెండు తాడిచెట్లు, మా ఓడను చూసి ఏమాత్రం చలించని ఒక ఆవు కనిపించాయి.

ఆ రోజుల్లోనే నాకు ఇంకో చికాకు ఉండేది. యుద్ధ విన్యాసం ఉన్నప్పుడల్లా ఓడలోకి ఆరేడుగురు కొత్తవాళ్ళు వచ్చేవాళ్ళు. ఎప్పుడు వెళ్ళేవాళ్ళో తెలియదు కానీ, టిఫిన్ సమయం దాటిపోయి, నేను నేల కడిగి తుడిచాక సరిగ్గా అప్పుడే వంటగదిలోకి దిగేవాళ్ళు. తల నుంచి కాళ్ళ దాకా తడి. రబ్బరు బట్టల్లోంచి నీళ్ళు కారుతూ, కాళ్ళకు ఇసుక, పెదాలు నీలంగా. వేడిగా ఏమైనా ఉందా అని అడిగేవాళ్ళు. "టైమ్ అయిపోయింది" అనేవాణ్ణి. చల్లారి తోలులా సాగే పూరీలు, అడుగంటిన ఉప్మా వాళ్ళ కంచాల్లో పడేసేవాణ్ణి. వాళ్ళకు వంటగదిలో కప్పలని పేరు పెట్టుకున్నాం. వాళ్ళు ఏం చేసి వస్తున్నారని నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఎవరు ఏం చేస్తారన్నది వంటవాడికి అనవసరం, ఎంత తింటారన్నదే అవసరం అని నా గొప్ప సిద్ధాంతం.

ఇక మా నాయన సంగతి. గురజాల దాటి పోతే కృష్ణ ఒడ్డున ఒక రేవుంది. అవతల తెలంగాణ. రేవులో బల్లకట్టు నడుస్తుంది. రెండు ఇనుప పడవలను జతకట్టి, పైన బల్లలు పరిచి, పక్కన ఇంజన్ పెట్టిన తెప్ప అది. రెండు చివర్లా బండ్లు దిగడానికి వాల్చే ఇనుప పలకలు. ట్రాక్టర్లు, మోటార్ సైకిళ్ళు, గొర్రెల మందలు, పెళ్ళి వ్యాన్లు అన్నీ దాని మీదే దాటతాయి. మా నాయన దాని సరంగు. ఇంజన్ పట్టేది వేరే మనిషి. ఎక్కడ ఆపాలి, ఎక్కడ దింపాలి అన్నది నాయన ఇష్టం.

ఆయనకొక పద్ధతి ఉంది. అవతలి ఒడ్డు దగ్గర పడగానే బల్లకట్టును పది గజాల ఇవతలే ఆపించి, పంచె ఎగగట్టి, వెదురు గెడ పట్టుకుని తను ముందు నీళ్ళలోకి దిగుతాడు. బండి ఎడమ చక్రం పోయే వరసలో మడమలతో తొక్కుకుంటూ ఒడ్డు దాకా నడుస్తాడు. మళ్ళీ వెనక్కి వచ్చి కుడి చక్రం వరసలో నడుస్తాడు. రెండుసార్లూ కాలు దిగబడకపోతేనే గెడ పైకెత్తి "రానీ!" అంటాడు. అప్పుడే పలక పడుతుంది. ఎందుకు ఇంత తతంగం అంటే, ఆ నీళ్ళు నిలకడగా ఉండేవి కావు. పైన డ్యాము గేట్లు ఎత్తితే ఒక మట్టం, కింద ఆపితే ఇంకో మట్టం. నిన్న గట్టిగా ఉన్న చోట ఇవాళ ఒండ్రు. పైగా ఇసుక తోడేవాళ్ళు ఎక్కడ పడితే అక్కడ గోతులు చేసి పోతారు.

"బండి దిగే ముందు మనిషి దిగాల" అనేవాడు. ఆయన వేదాంతం మొత్తం ఆ ఒక్క మాట. నేవీలో చేరిన కొత్తలో నా ఓడ గురించి గంటసేపు చేతులు ఊపుతూ చెబితే, మొత్తం విని, "అంటే పెద్ద బల్లకట్టేగా" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. కోట్ల రూపాయల యుద్ధనౌకను పట్టుకుని ఈ మాట! ఆ కోపం నాలో చాలా ఏళ్ళు నిలవ ఉంది. అదే చివరికి నా చేత ఆ వెధవ పని చేయించింది.

పదేళ్ళ సర్వీసు దాటాక ఒక సెలవులో ఇంటికి వచ్చాను. ఆ ఏడు రేవు వేలం పాటలో బల్లకట్టు దక్కించుకున్నవాడు నా ఈడువాడే. తెల్ల చొక్కా, రెండు ఫోన్లు. వరస కలుపుకుని నన్ను బావా అనేవాడు, నాయనను మావా అనేవాడు. రేవులో టీ కొట్టు దగ్గర కూర్చుని ఉన్నాం. ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. అవతల నాయన ఎప్పటిలాగే ఎడమ వరస తొక్కి, కుడి వరస మొదలుపెట్టాడు. హారన్లు మోగుతున్నాయి.

"చూశావా బావా, ఒక్కో ట్రిప్పుకి ఎంత సేపు తింటన్నాడో. మావకి చెప్తే ఇనడు. నువ్వు చెప్పు. మీ ఓడ యుద్ధానికి పోయి ఒడ్డెక్కేటప్పుడు, ఎవడన్నా ఇట్టా పంచె ఎగగట్టుకుని నీళ్ళలో దిగి చూత్తాడా?"

కొట్టు చుట్టూ పదిహేను మంది ఉన్నారు. అందరూ నా వైపు చూశారు. తెలియదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట నా నోట ఎప్పుడూ రాలేదు. పైగా పెద్ద బల్లకట్టేగా అన్న మాట లోపల కెలుకుతోంది.

పెద్దగా నవ్వాను. "యుద్ధం ఎవడి కోసమూ ఆగదు బావా. ఓడ ఎక్కుద్ది, తలుపులు తెరుచుకుంటయ్, ట్యాంకులు దూకుతయ్. కాలితో తొక్కి చూసేదానికి అదేమన్నా వరిమడా?"

అందరూ నవ్వారు. నేను ఇంకాస్త నవ్వాను. అప్పటికి బల్లకట్టు తిరిగొచ్చి ఇవతలి ఒడ్డుకు ఆనింది. నాయన రేవు గుంజకు తాడు కడుతున్నాడు. మా కొట్టుకు ఆయనకు మధ్య పది అడుగులు కూడా లేవు. విన్నాడని నాకు తెలుసు. ముడి బిగించి, గెడ భుజాన వేసుకుని, తడి పంచె దులుపుకుంటూ ఇంజన్ వైపు వెళ్ళిపోయాడు.  ఆ సెలవులో ఆయనకూ నాకూ మధ్య ఆ విషయం మళ్ళీ రాలేదు. మర్నాడు నేను విశాఖ వెళ్ళిపోయాను.

మూడు వారాలకు కాకినాడ వైపు ఒక తీరంలో విన్యాసం పెట్టారు. పెద్ద అధికారులు షామియానా కింద కూర్చుని చూస్తారు. దేశ రక్షణను చూస్తున్నప్పుడు వాళ్ళకు పకోడీలు కావాలి. అందుకని నన్ను ఒకరోజు ముందే పొయ్యిలతో సహా రోడ్డు మీద పంపారు. పదేళ్ళలో మొదటిసారి, ఓడ వచ్చేటప్పుడు నేను ఓడలో కాకుండా ఒడ్డు మీద ఉన్నాను.

తెల్లారింది. పొయ్యి వెలిగించి సముద్రం వైపు చూశాను. నీళ్ళ మీద తలకాయలు. ఆరో ఏడో. మెల్లగా ఒడ్డుకు వస్తున్నాయి. ముందు మెడలు, తర్వాత ఛాతీలు బయటపడ్డాయి. వాళ్ళ చేతుల్లో ఎరుపు తెలుపు గీతలున్న పొడుగాటి కర్రలు. ఒకరి పక్కన ఒకరు వరసగా నిలబడి, కర్ర గుచ్చుకుంటూ, మడమలతో తొక్కుకుంటూ నడుస్తున్నారు. ఒకడు చేతిలోని పలక మీద రాసుకుంటున్నాడు. ఒడ్డు దాకా వచ్చారు. మళ్ళీ వెనక్కి తిరిగి, పక్క వరసలో తొక్కుకుంటూ లోపలికి పోయారు.

నా చేతిలోని గరిటె అలాగే ఉండిపోయింది. పంచె ఒక్కటే తక్కువ. మిగతాదంతా మా నాయనే.

ఆ వరసలో ఒకడు ఉన్నట్టుండి మెడ దాకా మునిగాడు. అక్కడ గొయ్యి. ఒడ్డుకు దూరంగా ఇసుక మేట వేసి లోతు తక్కువగా ఉంది, ఒడ్డు దగ్గరా లోతు తక్కువే, ఆ రెంటి మధ్య నిలువు లోతు. పైకి చూస్తే నీళ్ళన్నీ ఒకటే రంగు. వాళ్ళు ఏదో మాట్లాడుకుని, ఓడకు గుర్తుగా అంతకుముందే ఒడ్డున పాతిన జెండాలు పీకి, ఎడమ వైపు చాలా దూరం నడిచి అక్కడ పాతారు. కాసేపటికి మా ఓడ వచ్చింది. బయటి నుంచి చూస్తే అది అంత పెద్దదని నాకు తెలియనే తెలియదు. సరిగ్గా ఆ కొత్త జెండాల మధ్యకు వచ్చి ఒడ్డెక్కింది. తలుపులు తెరుచుకున్నాయి. వంతెన వాలింది. ట్యాంకు దూకలేదు. ముందు ఒక మనిషి కర్ర పట్టుకుని వంతెన చివరి నుంచి నీళ్ళలోకి దిగాడు. అటూ ఇటూ తొక్కి చూసి చెయ్యి పైకెత్తాడు. అప్పుడు కదిలింది ట్యాంకు.

ఆ తడి మనుషులు ఒడ్డున కూర్చుని వణుకుతుంటే టీ కెటిల్ పట్టుకుని వెళ్ళాను. దగ్గరికి పోయాక ముఖాలు గుర్తుపట్టాను. మా కప్పలే. ఒకడికి గ్లాసు ఇచ్చి, నా వచ్చీరాని హిందీలో, ఇలా చూడకపోతే ఏమవుతుందని అడిగాను.

"మొదటి ట్యాంకు అందులోని మనుషులతో సహా మునుగుతుంది. రెండోవాడు దాన్ని చూసి నేర్చుకుంటాడు" అన్నాడు. ఒక గుటక వేసి గ్లాసు వైపు ఆశ్చర్యంగా చూశాడు. "ఇవాళ టీ వేడిగా ఉందే. ఏమిటి విశేషం?"

నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం ఎక్కడైనా గొయ్యి ఉంటే మెడ దాకా దిగిపోవాలనిపించింది. సిగ్గు వేసింది. ఆ సిగ్గు వెనకాలే ఇంకోటి గుర్తొచ్చింది. రేవులో నేనన్న మాట. పాటదారు ఆ మాట పట్టుకుని నాయనను దిగనివ్వకపోతే? ఏ ట్రాక్టరో గోతిలోకి పోతే? అధికారులకు పకోడీలు అక్కడితో ఆపి, షామియానా వెనక్కి వెళ్ళి ఇంటికి ఫోన్ చేశాను. అమ్మ ఎత్తింది.

"నాయన రేవుకి పోయాడా?"

"ఇంట్లోనే ఉండాడు."

"అదేంది, ఈ టైములో?"

 అమ్మ చెప్పింది. నేను వెళ్ళిన వారానికే పాటదారు నాయనతో, "మావా, నీ కొడుకే చెప్పాడుగా, ఇంక నువ్వు దిగమాక" అన్నాడట. నాయన సరే అన్నాడట. అని, తర్వాతి ట్రిప్పులో ఎప్పటిలాగే పంచె ఎగగట్టి దిగాడట. రెండు రోజులు చూసి పాటదారు, "ఇంటికాడ కూసోని రెస్టు తీసుకో మావా" అని వేరే మనిషిని పెట్టుకున్నాడట.

"పది రోజులైంది. నీకు చెప్పొద్దన్నాడు. పొద్దున్నే లేచి గెడ కడుగుతాడు. కడిగి మళ్ళా గోడకి ఆనిస్తాడు. యాడికీ పోడు."

 "మరి నేను చెప్పింది ఇన్నాక కూడా ఎందుకు దిగాడే? నా మాట నమ్మలేదా?" అన్నాను.

అమ్మ నవ్వింది. "నువ్వు వంటోడివని ఆయనకి తెలీదేందిరా? నీ మొదటి సెలవులోనే తెలుసు. నీ ముంజేతుల మీద తాలింపు చిట్లిన మచ్చలు చూశాడు. ఫిరంగి కాల్చేటోడికి అక్కడెందుకుంటయ్ మచ్చలు, మనోడు వంట చేత్తన్నాడే అన్నాడు. వాడు చెప్పిందాకా మనం అడగొద్దన్నాడు. పదేళ్ళయ్యా. నువ్వు చెప్పలా, ఆయన అడగలా."

నేను గొప్పలు పోయినప్పుడల్లా ఆయన మౌనంగా వింటుంటే, అది అసూయ అని కూడా అనుకున్నాను నేను. నా పరువు ఆయన పదేళ్ళు మోశాడు. నేను ఆయన పని పదిహేను మంది ముందు ఒక్క నవ్వుతో తీసేశాను. షామియానా వెనక కూర్చుని ఏడ్చాను. ఎవరో సుబేదారు చూసి ఉల్లిపాయలనుకుని వెళ్ళిపోయాడు.

తండ్రికి ఒంట్లో బాగోలేదని చెప్పి సెలవు పెట్టాను. అదీ అబద్ధమే, కానీ నేను చెప్పిన వాటిలో పనికొచ్చిన అబద్ధం అదొక్కటే. నడికుడిలో రైలు దిగి, ఇంటికి వెళ్ళకుండా నేరుగా రేవుకు వెళ్ళాను. టీ కొట్టు దగ్గర అదే జనం. రేవులో ఒక ట్రాక్టరు ఇరుసు దాకా బురద పూసుకుని ఉంది. తడిసిన మిరపకాయ బస్తాలు ఒడ్డున ఆరబెట్టి ఉన్నాయి. ముందురోజు అవతల దిగబడిందని, తాళ్ళు కట్టి లాగేసరికి పొద్దుపోయిందని కొట్టువాడు చెప్పాడు. పాటదారు ఆ ట్రాక్టరు వైపు తప్ప అన్ని వైపులా చూస్తున్నాడు.

"బావా, నేను ఆ రోజు చెప్పింది అబద్ధం" అన్నాను.

"ఏ రోజు?"

"ట్యాంకులు దూకుతయ్యని చెప్పాగా. దూకవు. ముందు మనుషులు దిగుతారు. తెల్లారకముందే దిగి, మా నాయన తొక్కినట్టే వరసలు తొక్కుతారు. గొయ్యి ఉంటే ఓడనే పక్కకి జరుపుతారు. అంత పెద్ద ఓడని."

పాటదారు నన్ను ఎగాదిగా చూశాడు. "మరి పదేళ్ళ నుంచీ చూత్తన్నోడివి అట్టా ఎందుకు చెప్పావు?"

ఇక్కడిదాకా వస్తుందని నాకు తెలుసు. రైల్లో దారి పొడుగునా ఈ ఒక్క జవాబు కోసమే వేరే దారులు వెతికాను. దొరకలేదు.

"నేను చూళ్ళేదు. నేను ఓడలో వంటోణ్ణి. ఓడ ఒడ్డెక్కేటప్పుడు కింద సాంబారు కాస్తా ఉంటా. మొన్ననే మొదటిసారి చూశా."

 కొట్టు వెనక నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత ఇక ఆగలేదు. నవ్వి నవ్వి ఒకాయన బల్ల మీంచి కిందికి జారాడు. "మరి ఫిరంగి?" అని ఒకడు. "పొయ్యి మీద పెట్టాడంటరా!" అని ఇంకొకడు. ఈ వార్త నకరికల్లులో మా మామగారికి నేను ఇల్లు చేరకముందే ఫోన్లో చేరింది. ఆ రోజు నుంచి ఆయన నన్ను ఫిరంగి గురించి అడగలేదు. గుత్తి వంకాయ గురించి అడిగాడు.

పాటదారు కూడా నవ్వాడు. నవ్వు అయ్యాక బురద ట్రాక్టరు వైపు మొదటిసారి చూశాడు. "మావని రమ్మను" అన్నాడు.

"పనిలోంచి తీసింది నువ్వు. నువ్వే పోయి పిలువు."

వెళ్ళాడు. వెనకాలే నేనూ వెళ్ళాను. నాయన వసారాలో కూర్చుని ఉన్నాడు. గెడ గోడకు ఆనించి ఉంది, కడిగిన తడి ఇంకా ఆరలేదు. నేను రేవులో చెప్పిందంతా పాటదారు నసుగుతూ చెప్పాడు. నాయన అంతా విని, "నేను దిగుతా. దిగొద్దంటే రాను" అన్నాడు.

"దిగు మావా. దిగి ఈదుకో, నీ ఇష్టం."

నాయన లేచి గెడ అందుకున్నాడు. నా ముఖంలోకి చూశాడు. ఎందుకొచ్చావని గానీ, ఏం చెప్పావని గానీ అడగలేదు. "రా" అన్నాడు, అంతే.

మొదటి ట్రిప్పులో ఒక ట్రాక్టరు, ఐదారు మోటార్ సైకిళ్ళు ఉన్నాయి. నేను సెలవు మీద వచ్చిన వేషంలోనే ఉన్నాను. ఇస్త్రీ ప్యాంటు, పాలిష్ చేసిన బూట్లు. అవతలి ఒడ్డు దగ్గర పడింది. నాయన చెయ్యెత్తి ఇంజన్ ఆపించాడు. నేను ఆయన పంచె ఎగగట్టడం కోసం చూస్తున్నాను. ఆయన గెడ నా చేతికిచ్చాడు.

"దిగు."

"నేనా?"

"ఓడలో పని చేత్తన్నావుగా."

బూట్లు విప్పి దిగాను. నీళ్ళు తొడల దాకా వచ్చాయి. ఎడమ వరస తొక్కుకుంటూ ఒడ్డు దాకా వెళ్ళాను. గట్టిగా ఉంది. వెనక్కి వచ్చి కుడి వరస మొదలుపెట్టాను. నాలుగు అడుగులు బాగానే ఉన్నాయి. ఐదో అడుగుకు నేల లేదు. ఒక్కసారిగా గడ్డం దాకా దిగిపోయాను. ఎవరో ఇసుక తోడిన గొయ్యి. పైన మెత్తగా ఒండ్రు పేరుకుని ఏమీ తెలియకుండా ఉంది. బల్లకట్టు మీద అందరూ మళ్ళీ నవ్వారు, ట్రాక్టరు డ్రైవరు తప్ప. అతను స్టీరింగు పట్టుకుని, నా తల మాత్రమే కనిపిస్తున్న ఆ చోటు వైపు చూస్తూ ఉండిపోయాడు. అతని కుడి చక్రం పోవాల్సింది అక్కడికే.

నాయన నవ్వలేదు, కంగారూ పడలేదు. నేను గెడ ఆనుకుని పైకి వచ్చేదాకా ఆగి, ఇంజన్ మనిషికి చెయ్యి ఊపాడు. బల్లకట్టు పై వైపుకు జరిగింది. అక్కడ మళ్ళీ రెండు వరసలూ తొక్కాను. రెండూ గట్టిగా ఉన్నాయి. గెడ పైకెత్తి "రానీ!" అన్నాను. ఆ మాట నా నోట వినడం నాకే కొత్తగా ఉంది. పలక పడింది. ట్రాక్టరు దిగి, ఒడ్డెక్కి వెళ్ళిపోయింది. పోతూ డ్రైవరు నాయనకు కాదు, నాకు దణ్ణం పెట్టాడు. పదేళ్ళ మిలిటరీలో నాకు అలాంటి సెల్యూట్ దొరకలేదు.

అవతలి ఒడ్డున కూర్చుని ప్యాంటు పిండుకుంటున్నాను. వణుకు ఆగడం లేదు. అక్కడా ఒక టీ కొట్టు ఉంది. నాయన వెళ్ళాడు. కొట్టు దగ్గర నలుగురైదుగురు ముందే నిలబడి ఉన్నారు. నా వైపు చూపించి ఏదో అన్నాడు. వాళ్ళు పక్కకు తప్పుకున్నారు. పొగలు కక్కే గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"తడిసినోడికే ముందు. ఇక్కడ అంతే" అన్నాడు. నా పక్కన చతికిలబడి, నీళ్ళ వైపు చూస్తూ అడిగాడు. "మీ ఓడలో కూడా అంతేగా? ఆ దిగొచ్చినోళ్ళకి ముందు నువ్వే పెడతావా?"

ఆయన ఎత్తిపొడవడానికి అడగలేదు. కొడుకు చేసే పని గురించి పదేళ్ళలో మొదటిసారి, తెలుసుకోవాలని అడిగాడు. నా వంట గురించి ఎవరైనా ఇంత గౌరవంగా అడగడం అదే మొదలు. నాకు తోలు పూరీలు గుర్తొచ్చాయి. నీలం పెదాలు గుర్తొచ్చాయి. టైమ్ అయిపోయింది అన్న నా గొంతు గుర్తొచ్చింది.

"ఇక నుంచి పెడతా నాయనా" అన్నాను.

ఆయన తల తిప్పి నన్ను చూశాడు. ఇప్పటిదాకా ఏం పెట్టావని అడుగుతాడేమో అనుకున్నాను. అడిగితే చెప్పడానికి సిద్ధంగానే ఉన్నాను. ఆయన నా చేతిలోని గ్లాసు వైపు చూశాడు.

"తాగు. చల్లారిద్ది" అన్నాడు.